పోచంపల్లి వెళ్లొద్దామా?

సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని ఏదో ఒక ఊరు చూసి రావాలని మనందరికీ ఉంటుంది. వెళ్తాం, ఫొటోలు తీసుకుంటాం, ఇంటినుంచి కట్టుకెళ్లిన పులిహోర తిని విస్తళ్లూ సీసాలూ అక్కడే వదిలేసి వస్తాం. మన సరదా తీరింది, సరే. ఆ ఊరికేం మిగిలిందంటారు?

భూదాన్ పోచంపల్లినే తీసుకోండి. హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఒకటి. అయితే ఊరికి పేరొచ్చినంత మాత్రాన నేతవారింట్లోకి డబ్బు వచ్చిపడదు. అది మనం ఏం కొంటాం, ఎవరి దగ్గర కొంటాం అన్నదాన్నిబట్టి ఉంటుంది.

ఇక్కత్ చీరకు రంగులు నేశాక అద్దేవి కావు సుమండీ. నేయకముందే పోగుల్ని లెక్కప్రకారం రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు అంటదు. ఒక్కో రంగుకీ మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం. అలా తయారైన పోగులు మగ్గం మీద సరిగ్గా కలిస్తేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది.

అంతకన్నా ముందు ఆసు పోయాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ల పని. చెక్కకు అర్ధచంద్రాకారంగా దిగగొట్టిన మేకుల చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలట! భుజం ఏమవుతుందో పచ్చడి బండ పట్టిన మనకు వేరే చెప్పాలా? తల్లి పడే ఆ నొప్పి చూడలేకనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం కొనుక్కోలేని ఇళ్లలో మాత్రం ఇంకా చెయ్యే ఆడాలి.

మరి ఇంత పని చేసిన చీరను, అదే డిజైను అచ్చువేసిన చీర ధరకు అడిగితే ఎలా? పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా నకళ్లకు లోటు లేదు. చీర తిరగేసి చూడండి. అసలు ఇక్కత్ రెండువైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చు చీర వెనకవైపు వెలిసినట్టుంటుంది, అంచులు గీత గీసినట్టుంటాయి. చేనేత గుర్తు ఉందేమో కూడా అడగండి. బేరమాడొద్దని నేననను, అది మన జన్మహక్కాయె! కానీ వంకాయల బేరంలా సగానికి సగం అడగకండి. పెద్ద చీర కొనే స్తోమత లేకపోతే ఓ తువ్వాలో, జాకెట్టు గుడ్డో కొన్నా ఫరవాలేదు. భోజనం, టీ కూడా ఆ ఊళ్లోనే కానివ్వండి.

మగ్గం ఉన్నది వాళ్ల ఇంట్లోనే అని మరచిపోకూడదు. అడిగి లోపలికెళ్లాలి, అడిగి ఫొటో తీయాలి. సాగదీసిన పడుగు మీద పిల్లల్ని చెయ్యి వేయనివ్వకండి. ఒక్క పోగు తెగినా అతుక్కోవడం వాళ్లకు పనే.

ఇంకొక సంగతి. గుంటమగ్గం నేలలో ఉంటుంది కాబట్టి వానాకాలంలో గుంటలోకి నీరు ఊరి పని ఆగిపోతుంటుంది. అప్పుడు వెళ్తే నేత చూడలేకపోవచ్చు గానీ, నేసి పెట్టిన చీరలు ఉంటాయి. వాళ్లకు చేతిలో డబ్బాడనిది కూడా ఆ రోజుల్లోనే.