పెరట్లో పేరు తెలియని పురుగు



పెరటి వంగమొక్క మీద ఎన్నడూ చూడని పురుగొకటి కనబడిందనుకోండి. చాలామంది ఏం చేస్తారు? పత్తిచేలో కొట్టగా మిగిలిన మందు తెచ్చి చల్లేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పెరటి కాయ పొద్దున కోస్తే మధ్యాహ్నానికి కూరగిన్నెలో ఉంటుంది; పిల్లలు తినేది అదే. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది.

పేరు తెలియకపోయినా ఫరవాలేదు, అది తినే తీరు చూడండి. ఆకుకు చిల్లులు పడితే నమిలే పురుగు. ఆకు ముడుచుకొని, పసుపెక్కి, జిగురుగా ఉంటే రసం పీల్చేది. ఆకు తిరగేస్తే పేనుబంకో, తెల్లదోమో అడుగున కనబడుతుంది. పగలు ఏమీ దొరకకపోతే రాత్రి దీపం పట్టుకొని వెళ్ళండి. నత్తలు, మొలకలను మొదలంటా కొరికే పురుగులు చీకటిలోనే బయటికి వస్తాయి. వంగ లేతకొమ్మ చివర వాలిందంటే లోపల పురుగు దూరి ఉంటుంది. వాలినచోటికి అంగుళం కిందుగా కత్తిరించి కాల్చివేయవలెను.

ఇక అక్షింతల పురుగు సంగతి. దీని దగ్గరే పొరపాటు ఎక్కువ. నున్నగా మెరిసే వీపు గలది మనకు చుట్టం. పేనుబంకను తిని బతుకుతుంది. దాని పిల్ల నల్లగా, పొడుగ్గా, చూడడానికి వికారంగా ఉండి చురుగ్గా పరుగెడుతుంది. పాపం, దాన్నే ముందు నలిపేస్తాము! అదే పోలికలో వంగను తినేది ఇంకొకటున్నది. దాని వీపుపై సన్నని నూగు ఉండడంచేత మెరుపుండదు, నల్లచుక్కలు 12 గాని 28 గాని ఉంటాయి. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో, ఆకుపచ్చదనాన్ని గీకి ఆకును జల్లెడ చేస్తుంది. ఈ రెండోదాన్ని గ్రుడ్లతో సహా ఏరి సబ్బునీళ్ళలో వేయండి. ఉన్న నాలుగు మొక్కలకు చేతిని మించిన మందు లేదు.

అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపపప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంకాలం చల్లండి.

ఏ పురుగో బొత్తిగా తేలకపోతే ప్రాణంతోనే, అది తింటున్న ఆకుతో సహా సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి మీ విస్తరణాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రానికి గాని చూపించండి. నలిగిన పురుగును చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.