కంటికి కానరాని మురికి

భోజనమైన పిదప చేయి కడుగుకొనుటలో మనము చూపు శ్రద్ధ, భోజనమునకు ముందు చూపము. నేయియు పులుసును అంటిన చేతికి సబ్బు వెదకుకొందుము; బజారునుండియో బడినుండియో వచ్చిన చేతిని మాత్రము చెంబెడు నీళ్లతో తడిపి విస్తరి ముందు కూర్చుందుము. కంటికి కనబడునదే మురికి యని యెంచుట దీనికి కారణము. కనబడని మురికి ఎంతటి ప్రాణాంతకమో లెక్కలతో నిరూపించిన వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. ఆయన 1818లో హంగేరీ దేశమందలి బుడా నగరమున జన్మించెను.

1846లో ఆయన వియన్నా నగరపు పెద్దాసుపత్రి ప్రసూతి శాఖలో సహాయ వైద్యుడుగా చేరెను. అచ్చట రెండు విభాగములుండెను. మొదటిదానిలో వైద్యులును వైద్య విద్యార్థులును, రెండవదానిలో మంత్రసాని విద్య నేర్చుకొను స్త్రీలును పురుళ్లు పోయుచుండిరి. ఆ యేడు మొదటి విభాగమున 4,010 కాన్పులు కాగా 459 మంది తల్లులు మరణించిరి. రెండవ విభాగమున 3,754 కాన్పులకు మరణించినవారు 105 మంది. వారిని బలిగొన్నది ముఖ్యముగా పురిటి జ్వరము. గొప్ప చదువులు చదివినవారున్న చోటనే చావులు నాలుగురెట్లు! నగరమున ఈ సంగతి యెరుగని స్త్రీ లేదు. ఏ విభాగమున చేర్చుకొనవలెననునది వచ్చిన దినమునుబట్టి యుండెను గనుక, మొదటిదాని వంతు వచ్చిన గర్భిణులు తమను రెండవదానికి పంపుడని మోకరిల్లి వేడుకొనుచుండిరి. త్రోవలోనే ప్రసవించి వచ్చిన పేదరాండ్రకు సైతము ఆ జ్వరము అంతగా సోకకుండెను.

గాలి చెడినదని కొందరు, జనము క్రిక్కిరిసియున్నారని కొందరు, మరణించువారికడకు పోవు పురోహితుని గంట మ్రోతకు బాలింతలు బెదరుచున్నారని మరికొందరు కారణములు చెప్పిరి. సెమ్మెల్వైస్ వానినన్నిటిని పరీక్షించెను. గాలి రెంటికి నొక్కటియే. జనసమ్మర్దము రెండవదానియందే హెచ్చు. పురోహితుని వేరు దారిని, గంట లేకుండ పంపినను చావులు తగ్గలేదు.

1847 మార్చిలో ఆయన మిత్రుడు కొలెచ్కా అను ఆచార్యుడు మరణించెను. శవపరీక్ష జరుగుచుండగా ఒక విద్యార్థి చేతి కత్తి ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆయన దేహమున కనబడిన మార్పులు పురిటి జ్వరమున పోయిన తల్లుల దేహములందు కనబడునట్టివే. అప్పుడు సెమ్మెల్వైస్‌కు చిక్కు విడిపోయెను. వైద్యులును విద్యార్థులును ప్రతిదినము శవములను కోసి, ఆ చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు ఆ పని లేదు. వైద్యులు సబ్బుతో కడుగుకొనకపోలేదు. కాని తెల్లగా కనబడు ఆ చేతులకు శవపు వాసన మిగిలియే యుండెను.

మే నెల నడుమ, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొననిదే యెవ్వరును విభాగమున అడుగిడరాదని ఆయన నియమము చేసెను. మన ఊళ్లలో బావినీటిని శుద్ధిచేయు బ్లీచింగు పౌడరు ఈ కోవలోనిదే. ఏప్రిలులో నూటికి 18.3గా ఉన్న మరణములు జూనులో 2.2కు దిగెను. 1848 మార్చిలోను ఆగస్టులోను ఆ విభాగమున ఒక్క తల్లియు మరణింపలేదు.

అయినను 1847 అక్టోబరులో ఒక ఘోరము జరిగెను. గర్భకోశమున పుండు కుళ్లిన ఒక రోగిని పరీక్షించిన చేతులను సబ్బునీట మాత్రమే కడిగి, అదే వరుసలోని తక్కినవారిని పరీక్షించిరి. పండ్రెండుగురిలో పదునొకండుగురు మరణించిరి. వాకిట ఒక్కసారి కడిగిన చాలదని, ఒక్కొక్క రోగికిని నడుమ క్లోరిన్ నీట కడుగవలెనని అంతట తేలినది.

ఇంత జరిగినను పెద్ద వైద్యులలో పలువురు నమ్మలేదు. తల్లులను చంపినవి తమ చేతులే యని యొప్పుకొనుట వారికి దుర్భరమయ్యెను. సెమ్మెల్వైస్ కూడ తన గ్రంథమును 1861 వరకు వెలువరింపలేదు. వెలువరించిన పిమ్మట ఎదిరించినవారిని హంతకులని నిందించెను. సత్యమునకు పరుషవాక్యము మేలు చేయలేదనియే నా తలంపు. ఆయన 1865లో, 47వ యేట, ఒక పిచ్చాసుపత్రిలో మరణించెను. జపమాల పూసలవలె గొలుసుకట్టు సూక్ష్మజీవులే పురిటి జ్వరమునకు కారణమని 1879లో పాశ్చర్ చూపెను.

మన యింటిలో శవపరీక్షలు లేవు గనుక క్లోరిన్ నీరు అక్కరలేదు, సబ్బు చాలును. సబ్బు కణమునకు ఒక కొస నీటిని, మరియొక కొస జిడ్డును పట్టుకొనును. చర్మపు జిడ్డు ఊడివచ్చునప్పుడు దానిని అంటియున్న క్రిములును నీటివెంట పోవును. 2020లో లోకమును గడగడలాడించిన కరోనా క్రిమికి పైపొర క్రొవ్వుతో కూడినది. సబ్బు ఆ పొరనే చీల్చివేయును. కాని ఇందులకు కొంత వ్యవధి కావలెను. వ్రేళ్ల సందులను, గోళ్ల క్రిందను, బొటనవ్రేళ్లను కనీసము 20 సెకండ్లు రుద్దవలెను. మట్టితో తోముట మంచిది కాదు, అందు నులిపురుగుల గ్రుడ్లు ఉండవచ్చును. ముంచిన నీటిలో చేయి పెట్టుట కంటె, పైనుండి పోయించుకొనుట మేలు.

మరుగుదొడ్డికి పోయివచ్చిన పిదప, వంటకు ముందు, అన్నమునకు ముందు కడుగుకొనినచో విరేచనములు, టైఫాయిడు, కామెర్లలో ఒక తెగ చాలవరకు దూరముగా నుండును. పురిటింటికి చూడవచ్చిన చుట్టములు బిడ్డను ముద్దుచేయబోవునప్పుడు, చేతులు కడుగుకొనిరా యని యడుగుటకు మొగమాటపడరాదు. మనము నివసించు సీమలలో ఆసుపత్రి గోడలపై సూచనలు అన్నిచోట్ల తెలుగున ఉండవు. ఆ లిపి చదువలేని అవ్వకు, తాతకు చదివి చెప్పవలసినది బడికి పోవు పిల్లలే. కడిగిన చేతిని చీర చెంగునకో పంచె యంచునకో తుడువక, ఉతికిన తువాలుతో తుడుచుకొనుడు. అది లేనిచో గాలికి ఆరనిండు.