వారసుడెవరన్నది ఎవరిని అడగాలి?

భిలాయి: ఢిల్లీలో వారసత్వ చర్చ లేకుండా ఒక్క వారమైనా గడవదు. ఏ పక్షంలో ఏ నాయకుని తరువాత కుమారుడా, కుమార్తెయా, అల్లుడా అన్న ఊహాగానాలతోనే మా విలేఖరుల సాయంకాలాలు తెల్లవారుతుంటాయి. ఈ వారం ఆ గోలకు దూరంగా భిలాయి వచ్చాను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుండి ఈ ఉక్కునగరంలో తెలుగు కుటుంబాలు తరాల తరబడి స్థిరపడినవి. అయితే ఇక్కడ కూడా సంభాషణ వారసత్వం మీదికే మళ్లింది. "మన కాకతీయుల కథ ఓరుగల్లులో ముగిసిందనుకుంటున్నారా? ఇక్కడికి దక్షిణాన, బస్తరులో ముగిసిందండీ" అన్నారు పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి.

"అలా జరగకుండా వుంటే?" అన్న ప్రశ్న చరిత్ర పండితులకు గిట్టదు. రాజకీయాలు ఎరిగినవారికి మాత్రం అది పనికివచ్చే ప్రశ్నే.

గణపతిదేవునికి పుత్రసంతానం లేదు. 1262 ప్రాంతంలో రాజ్యభారం వహించిన కుమార్తె రుద్రమ శాసనాలలో "రుద్రదేవ మహారాజు"గా కనిపిస్తుంది. స్త్రీ ఆధిపత్యాన్ని సహించలేక సామంతులు కొందరు తిరగబడ్డారు. మరికొందరు అండగా నిలిచారు. రేచర్ల ప్రసాదిత్యునికి "కాకతీయరాజ్యస్థాపనాచార్య" బిరుదు వచ్చినది అందుకే. ఆ అండ లేకపోతే పట్టాభిషేకం ఒక్క రోజు ముచ్చటగానే మిగిలేది.

నూరేళ్ల పైచిలుకు తరువాత పోలండులోనూ ఇదే చిక్కు వచ్చినది. హంగరీని, పోలండును కలిపి ఏలుతున్న లూయీ రాజుకు ముగ్గురు కుమార్తెలే. కుమార్తెకు సింహాసనం దక్కాలని ఆయన 1374లో ప్రభువర్గానికి పన్ను రాయితీలిచ్చి వారి సమ్మతి కొన్నాడు. 1382లో ఆయన మరణించగానే ప్రభువులు తమ షరతును గుర్తుచేశారు: మా పాలకులు మా దేశంలోనే నివసించాలి. లగ్జెంబర్గు వంశీయుడు సిగిస్మండుకు నిశ్చయమైన కుమార్తె మేరీని వారు అంగీకరించలేదు. రెండేళ్ల పెనుగులాట తరువాత చెల్లెలు యాద్విగా వచ్చింది. 1384 అక్టోబరు 16న క్రాకోవ్‌లో, పదేళ్ల వయస్సులో, ఆమెకు పట్టం కట్టారు, "రాణి"గా కాదు, "రాజు"గా. ఓరుగల్లు శాసనాలు ఎరిగిన వారికి ఇందులో వింత తోచదు.

ప్రభువులు లొంగి మేరీనే స్వీకరించి వుంటే? సిగిస్మండు అనంతర కాలంలో హంగరీ రాజైనాడు, 1433లో చక్రవర్తి కూడా అయినాడు. పోలండు బహుశా ఆయన ఆస్తులలో ఒక ముక్కగా మిగిలేది. 1386లో యాద్విగా లిథువేనియా పాలకుడు యగయ్లోను వివాహమాడడం గాని, ఆ రెండు దేశాల కూటమి 1410లో గ్రున్వాల్డు వద్ద ట్యూటానిక్ యోధులను ఓడించడం గాని జరిగేవి కావు. ప్రభువులు స్వప్రయోజనాలకే బేరమాడారు, రైతును ఎవరూ అడగలేదు, నిజమే. అయినా ఒకరినైనా అడిగారు.

ఇక బస్తరు మాట. కాకతీయ ప్రభువు సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు నుండి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించినట్లు 1703 నాటి దంతెవాడ శాసనం చెబుతున్నది. 1921లో రుద్రప్రతాపదేవ్ మగసంతానం లేకుండా మరణించగా కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి గద్దె నెక్కినది. 1936లో లండన్‌లో ఆమె కన్నుమూసిన తరువాత కుమారుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ రాజైనాడు. సంస్థానం విలీనమైన తరువాత 1957లో ఓట్లతోనే శాసనసభకు వెళ్లాడు.

1961లో ప్రభుత్వం ఆయనను నిర్బంధించి, రాజుగా గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయ్‌చంద్రను గుర్తించినది. ప్రజారాజ్యంలో మాజీ రాజు సమాంతర దర్బారు నడపరాదన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కాని ఒక రాజును తొలగించి మరొకరిని నిలబెట్టడం ప్రజారాజ్యమా? దంతేశ్వరీ దేవి పూజారిగా ఆయనను కొలిచే ఆదివాసులను ఎవరు అడిగారు? జవాబు 1961 మార్చి 31న లోహండిగూడలో తుపాకులు చెప్పినవి. మళ్లీ 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజభవనంలోనే పోలీసు కాల్పులు జరిగి, ప్రవీర్‌చంద్రతోపాటు ఆదివాసులు నేలకొరిగారు. ఏ గుర్తింపు చుట్టూ ఇంత రక్తం కారినదో ఆ గుర్తింపే 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రద్దయినది. పదేళ్లు ఓపిక పట్టి, మాట్లాడి వుంటే? బస్తరు అడవికి ఢిల్లీ మీద అపనమ్మకం అంతటితో పుట్టలేదు గాని, అక్కడ అది ముదిరినది.

ఇది గతించిన రాజుల ముచ్చట కాదు. భిలాయి కొలిములను దశాబ్దాలుగా పోషించినవి దల్లీ-రాజ్‌హరా గనులు. భవిష్యత్తు ఖనిజానికి కర్మాగారం చూపు పాత బస్తరులోని రావ్‌ఘాట్ కొండలవైపు వున్నది. ఉక్కు దేశానికి అవసరమే. అయితే ఆ కొండలకు వారసులెవరన్న ప్రశ్న సింహాసనం ప్రశ్న కంటె పెద్దది. సమాధానం ఢిల్లీ దస్త్రాలలో ముందే రాసిపెట్టుకుని, గ్రామసభను తరువాత పిలిస్తే, అది 1961 పొరపాటే అవుతుంది. పోలండు ప్రభువుల పాటి బేరమాడే హక్కు బస్తరు రైతుకు ఇవ్వడానికి మనకు ఇంకెన్ని శతాబ్దాలు కావాలి?