కాంతి నేర్పిన పోలిక: ఆచార్య భాగవతుల విజయకుమార్ పరిశోధన

నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ పక్కనే ఉన్న రాలీ-డర్హమ్ విమానాశ్రయంలో, స్వదేశంనుంచి వచ్చే అమ్మమ్మలకు, తాతయ్యలకు స్వాగతం పలికే దృశ్యం మన కుటుంబాలకు సుపరిచితమే. ఫోను తెరమీద మాత్రమే చూసిన అమ్మమ్మను నాలుగేళ్ల మనుమరాలు దూరంనుంచే గుర్తుపట్టి పరుగెత్తుతుంది. అంతకు ముందే, ఈ దేశంలో అడుగుపెట్టిన చోట, ఒక కెమెరా ఆ అమ్మమ్మ ముఖాన్ని పాత ఛాయాచిత్రంతో పోల్చి చూసే ఉంటుంది. పసిపాపకు సహజంగా అబ్బిన ఈ విద్యను యంత్రానికి నేర్పడానికి శాస్త్రజ్ఞులు దశాబ్దాలు శ్రమించారు. వారిలో ఎన్నదగినవారు ఆచార్య భాగవతుల విజయకుమార్ గారు.

కాన్పూరు ఐ.ఐ.టి.లో బి.టెక్., ఎం.టెక్. పట్టాలు పొందిన ఆయన, పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980లో డాక్టరేటు పూర్తిచేసి, 1982లో అక్కడే అధ్యాపకులుగా చేరారు. ఒక చిత్రాన్ని మరొక చిత్రంతో పోల్చాలంటే ఆనాటి కంప్యూటర్లకు చాలా సమయం పట్టేది. అందుచేత పలువురు పరిశోధకులు కాంతిని ఆశ్రయించారు.

కాంతి లెక్కలు ఎలా చేస్తుంది? పారదర్శక ఫలకంమీది చిత్రంగుండా లేజరు కాంతిని పంపి, దానిని కుంభాకార కటకంద్వారా ప్రసరింపజేస్తే, కటకపు నాభితలంలో ఆ చిత్రంలోని సన్నని, ముతక వివరాలన్నీ విడివిడిగా పరచుకొంటాయి. గణితజ్ఞులు దీనినే ఫోరియర్ పరివర్తన అంటారు. వెదకవలసిన ఆకృతికి అనుగుణంగా తయారుచేసిన వడపోత ఫలకాన్ని అక్కడ ఉంచి, రెండవ కటకంతో కాంతిని మరల కూర్చితే, ఆ ఆకృతి చిత్రంలో ఎక్కడ ఉన్నదో అక్కడ ఒక ప్రకాశవంతమైన చుక్క మెరుస్తుంది. వాండర్ లుగ్ట్ 1964లో ప్రకటించిన పద్ధతి ఇదే.

అయితే ఇందులో ఒక పెద్ద చిక్కున్నది. ఒకే ఒక్క ఫొటో చేతబట్టుకొని పెళ్లివారింట మనిషిని వెదకబోతే, ఆ మనిషి కాస్త పక్కకు తిరిగినా మనం పొరబడవచ్చు. ఈ వడపోత పరిస్థితీ అంతే. వస్తువు కొద్దిగా తిరిగినా, పరిమాణం మారినా చుక్క మసకబారుతుంది. అనేక నమూనాచిత్రాలను ఒకే వడపోతలో ఇమిడ్చే మార్గాలపై విజయకుమార్ గారు కృషి చేశారు. చిత్రంలోని మచ్చల ప్రభావాన్ని తగ్గించే వడపోతను 1986లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది అభిజిత్ మహలనోబిస్, డేవిడ్ కాససెంట్‌లతో కలిసి, చుక్క సూదిమొనలా నిలిచి చుట్టుపక్కల వెలుగు అణగిపోయే మరొక వడపోతను రూపొందించారు. ఇది మరీ నిక్కచ్చి అయినది. నేర్చుకోని రూపం ఎదురైతే తడబడేది. 1994లో వెలువడిన పరిశోధనలో ఆయన, సహచరులు ఆ కట్టుబాట్లను సడలించి ఈ లోపాన్ని చాలావరకు సవరించారు.

ఇంతలో కాలం మారింది. కటకాలను, లేజరును వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చడం ప్రయోగశాల బయట కష్టమయింది. సాధారణ కంప్యూటర్లు ఏటేటా చవకై, వేగం పుంజుకొన్నాయి. కాంతియంత్రాలు ఈ పందెంలో వెనుకబడ్డాయి. కాని వాటికోసం పుట్టిన గణితం వృథా పోలేదు. అవే వడపోతలు కంప్యూటరులోకి చేరి ముఖాన్ని, వేలిముద్రను, కనుపాపను పోల్చడానికి పనికివచ్చాయి.

ఇక్కడే మనందరికీ సంబంధించిన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. రహస్య సంకేతపదం దొంగలపాలైతే మరొకటి పెట్టుకోవచ్చు. ముఖాన్ని, వేలిముద్రను మార్చుకోగలమా? వీసాకోసం, ప్రయాణంకోసం వాటిని పలుచోట్ల ఒప్పగించే ప్రవాసులకు ఇది చిన్న సమస్య కాదు. 2004లో మారియోస్ సావిడెస్, ప్రదీప్ ఖోస్లాలతో కలిసి విజయకుమార్ గారు ఒక ఉపాయం సూచించారు. ముఖచిత్రాన్ని నేరుగా వాడక, ఒక రహస్యసంఖ్యనుంచి పుట్టిన యాదృచ్ఛిక నమూనాతో మేళవించి, ఆ మేళవింపునుంచి వడపోతను తయారుచేస్తారు. సరిచూసేటప్పుడు కొత్త చిత్రాన్నీ అదే నమూనాతో మేళవిస్తారు కనుక పోలిక చెడదు. వడపోత దొంగిలింపబడితే దానిని రద్దుచేసి, వేరొక సంఖ్యతో కొత్తది చేసుకోవచ్చు. ముఖం మాత్రం మనదిగానే మిగులుతుంది.

మహలనోబిస్, రిచర్డ్ జూడేలతో కలిసి ఆయన రచించిన గ్రంథాన్ని 2005లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. 2010లో డేవిడ్ బోల్మ్ బృందం ఈ జాతి వడపోతలతోనే, వీడియోలో కదిలే వస్తువును సెకనుకు 669 చిత్రాల వేగంతో వెంటాడవచ్చని చూపింది. కంప్యూటరు డిస్కులలో సమాచారాన్ని తప్పులు లేకుండా చదివే విధానాలపైనా విజయకుమార్ గారు పరిశోధించారు. రువాండా రాజధాని కిగాలీలోని కార్నెగీ మెలన్ ప్రాంగణానికి డైరెక్టరుగానూ పనిచేశారు.

ఏ శాస్త్రశాఖకు భవిష్యత్తున్నదని మన పిల్లలు తరచు అడుగుతుంటారు. నేటి యంత్రం రేపు మూలపడవచ్చు. ఆ యంత్రాన్ని నడిపించిన సూత్రాన్ని లోతుగా నేర్చినవారికి మాత్రం పని కరవుండదు. కాంతితో మొదలై కంప్యూటరులో ఫలించిన ఈ పరిశోధనే అందుకు నిదర్శనం.