ఆస్తి ముందా, పెత్తనం ముందా?

మగవాడి పెత్తనం ఎప్పుడు మొదలైందంటే "సృష్టి మొదట్నుంచీ ఇంతే" అంటారు మన పెద్దవాళ్ళు. ఏంగెల్స్ ఈ మాట ఒప్పుకోలేదు. ఇరొక్వా తెగల గురించి మోర్గాన్ రాసినదాన్ని ఆధారం చేసుకుని 1884లో ఆయన చెప్పిందేమిటంటే, పశువుల మందలు సొంత ఆస్తి అయ్యాక అవి తన బిడ్డలకే దక్కాలని మగవాడు పట్టుబట్టాడు. తల్లి వైపు వారసత్వం పోయింది, ఆడదానికి కాపలా వచ్చింది.

గెర్డా లెర్నర్ అనే చరిత్రకారిణి 1986లో దీన్ని తిరగేశారు. ప్రాచీన మెసొపొటేమియా చట్టాలు చూపించి, సొంత ఆస్తి కంటే ముందే ఆడదాని కడుపు సరుకైందన్నారు. మొదట బానిసలైంది కూడా యుద్ధాల్లో చిక్కిన ఆడవాళ్ళేనట!

ఎవరేమంటే మనకేం అంటారా? రోగం మూలం తెలిస్తేగా మందు వేసేది! అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, అంతకుముందే పెళ్ళయినవాళ్ళకి తప్ప. ఆ అడ్డు లేకుండా దేశమంతటికీ 2005లో చట్టం వచ్చింది. అయినా "పుట్టింటితో తగువెందుకమ్మా" అంటూ వాటా వద్దని సంతకాలు పెట్టించుకోవడం మానలేదు. అక్కడ నాకు లెర్నర్ మాటే నిజమనిపిస్తుంది. అలాగని ఏంగెల్స్‌ని పక్కన పెట్టలేను. ఆ సంతకం పెట్టిన పిల్లకి రేపు మొగుడు తరిమేస్తే నిలువనీడ ఉండదు.

అందుకే వాటా అడుగుదాం. అడగడం తప్పు కాదని మన కూతుళ్ళకీ, ముఖ్యంగా కొడుకులకీ చిన్నప్పుడే చెబుదాం.