బధిర మహిళ గోడు వినేదెవరు?

గృహహింస ఫిర్యాదుల్లో పోలీసులకు ప్రత్యేక శిక్షణ ఆవశ్యకం

అర్ధరాత్రి ఇంట్లో గొడవ జరుగుతోందని ఇరుగుపొరుగు వారు ఫోను చేస్తారు. పోలీసులు వస్తారు. భర్త ఎదురొచ్చి, 'ఆమెకు చెవుడండీ, ఊరికే కేకలు పెడుతోంది' అంటాడు. దెబ్బలు తిన్న భార్య చేతులతో చెప్పబోయేది ఎవరికీ బోధపడదు. చివరకు కాగితం మీదకు ఎక్కేది భర్త మాటే. బధిర మహిళల విషయంలో ఇలా జరగడానికి ఆస్కారం ఎక్కువ.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైమాటే. గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 7వ సెక్షను మేరకు, హింసకు గురైన వికలాంగులకు వారి హక్కులను, ఉచిత న్యాయ సహాయాన్ని గురించి తెలియజేయవలసిన బాధ్యత పోలీసులదే. అయితే బాధితురాలికి అర్థమయ్యే భాషలో చెప్పకపోతే ఆ తెలియజేయడానికి విలువేముంది?

ఇక్కడొక లొసుగు ఉంది. లైంగిక నేరాలు, యాసిడ్ దాడి వంటి వాటిలో బాధితురాలు వికలాంగురాలైతే ఆమె ఇంటివద్దనో, కోరిన చోటనో, దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుని సమక్షంలో ఫిర్యాదు నమోదు చేసి, వీడియో తీయాలి. 2013లో వచ్చిన ఈ నిబంధన, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులోనూ కొనసాగుతోంది. భర్త, అత్తింటివారి క్రూరత్వానికి సంబంధించిన సెక్షను మాత్రం ఆ జాబితాలో లేదు. అందువల్ల గృహహింస కేసులో దుబాసీని పిలవడం, పిలవకపోవడం చాలావరకు స్టేషను అధికారి చొరవపైనే ఆధారపడుతోంది. శిక్షణ అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

సిబ్బంది మొదట నేర్వవలసినది సంజ్ఞలు కాదు, కొన్ని జాగ్రత్తలు. బధిరురాలి ముఖం మీదకు టార్చి కొట్టరాదు. వెలుతురు పోలీసు ముఖంపై పడితేనే ఆమె పెదవుల కదలిక, హావభావాలు చూడగలుగుతుంది. గట్టిగా అరిచినంత మాత్రాన ప్రయోజనం శూన్యం. చేతులే ఆమె గొంతుక కనుక వాటిని పట్టి ఆపడమంటే నోరు నొక్కడమే. తల ఊపిందని అర్థమైనట్లు భావించరాదు. భయంతోనూ, మర్యాదకూ తల ఊపేవారు ఉంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, దుబాసీగా భర్తను, అత్తను, పిల్లలను పెట్టుకోకపోవడం. కోర్టులో బధిర సాక్షికి దుబాసీగా ఉండే వ్యక్తికి ఆ కేసులో ఎలాంటి ప్రయోజనమూ ఉండరాదని, అతనితో ప్రమాణం చేయించాలని రాజస్థాన్‌కు చెందిన కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఠాణాలోనూ అదే సూత్రం పాటిస్తే కేసు నిలుస్తుంది.

రాసి చూపితే చాలనుకోవడమూ పొరపాటే. బడి ముఖం చూడని బధిర మహిళలు పల్లెల్లో ఉన్నారు. వారికి అక్షరాలు రావు, భారతీయ సంజ్ఞా భాషా తెలియదు. ఇంట్లో అలవాటైన సైగలే తెలుసు. అటువంటప్పుడు సంజ్ఞా భాష తెలిసిన దుబాసీతోపాటు, ఆ సైగల తీరు పట్టుకోగల మరో బధిర వ్యక్తి సాయమూ కావాలి.

ఆపదలో 112కు సమాచారం పంపవచ్చు. స్మార్టు ఫోనులో పవర్ బటన్‌ను మూడుసార్లు వరుసగా నొక్కినా, మామూలు ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకున్నా కాల్ వెళుతుంది. అవతల నుంచి మాట వినబడనంత మాత్రాన దాన్ని ఆకతాయి పనిగా కొట్టిపారేయరాదని కంట్రోల్ రూము సిబ్బందికి కూడా నేర్పవలసి ఉంది.

ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. జిల్లాలోని బధిరుల పాఠశాల ఉపాధ్యాయుల, దుబాసీల ఫోను నంబర్లు ప్రతి స్టేషను గోడపై రాసి ఉంచవచ్చు. రాత్రివేళ వారు రాలేకపోతే వీడియో కాల్‌లోనైనా మాట్లాడించవచ్చు.