పరిణామ పాఠం ఎవరికి అవసరం?

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అనే పాఠం ఉండేది. పిల్లల మీద భారం తగ్గించే పేరుతో 2022లో అందులోంచి పరిణామాన్ని తొలగించారు. ఇప్పుడు మిగిలింది ‘అనువంశికత’ మాత్రమే. డార్విన్ లేడు, శిలాజాలు లేవు, మనిషి ఎలా వచ్చాడన్న వివరణ లేదు. దీన్ని వ్యతిరేకిస్తూ 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉంది కదా అన్నది దానికి వచ్చిన సమాధానం.

పన్నెండో తరగతిలో దాన్ని చదివేది ఎవరు? జీవశాస్త్రం తీసుకున్నవాళ్లే. ఎంపీసీ, సీఈసీ, ఐటీఐల్లో చేరినవాళ్లకు, పదితోనే చదువు ఆపి కూలికి పోయినవాళ్లకు అది ఎప్పటికీ అందదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులు కూడా పదో తరగతిలో 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల బాట పట్టాయి. కాబట్టి ఇది ఎక్కడో ఢిల్లీలో జరుగుతున్న చర్చ కాదు.

సైన్స్ సిలబస్ గొడవ మనకెందుకు అనుకోకూడదు. కులవ్యవస్థ నిలబడింది ‘పుట్టుక’ మీద. కొందరు ముఖం నుంచి, కొందరు పాదాల నుంచి పుట్టారని శతాబ్దాలుగా నమ్మించారు. ఆ పుట్టుక గురించే బడిలో సాక్ష్యాలతో మాట్లాడే పాఠం పరిణామం.

అది చెప్పేది సూటిగా ఉంటుంది. భూమ్మీది జీవులన్నిటికీ ఉమ్మడి పూర్వీకులున్నారు. మనుషులందరి మూలాలూ ఆఫ్రికాలో ఉన్నాయి. ఏ ఇద్దరు మనుషుల డీఎన్‌ఏ తీసుకున్నా దాదాపు 99.9 శాతం ఒకటే.

‘బలవంతుడిదే రాజ్యం’ అని డార్విన్ చెప్పాడనేది అపార్థం. సహజ ఎంపిక అంటే ఉన్న పరిస్థితుల్లో బతికి, పిల్లల్ని కనగలిగే లక్షణాలు తరతరాలకూ పెరగడం. టీబీ మందులు మధ్యలో ఆపేస్తే, మందును తట్టుకున్న క్రిములే మిగిలి పెరుగుతాయి. ఆ క్రిములు ‘గొప్పవి’ అయిపోలేదు, ఆ పరిస్థితికి సరిపోయాయి అంతే.

ఇక మన దేశం సంగతి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 73 సమూహాల డీఎన్‌ఏను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. రెండు సమూహాలు కలిసినప్పుడు, ఒక్కో తరం గడిచేకొద్దీ వాళ్ల డీఎన్‌ఏ ముక్కలు మరింత చిన్నవవుతాయి. ఆ ముక్కల పొడవును బట్టి కలయిక ఎప్పుడు జరిగిందో లెక్కగడతారు. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఇక్కడి జనం విస్తృతంగా కలిశారు. ఆ తర్వాత సమూహంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం బలపడింది. అంటే ఏ కులానికీ ‘స్వచ్ఛమైన రక్తం’ లేదు. కులగోడలు తర్వాత మనుషులు కట్టుకున్నవే.

కులానికి మూలం అంతర్వివాహమేనని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధనా పత్రంలో వాదించారు. అప్పటికి డీఎన్‌ఏ నిర్మాణమే ఎవరికీ తెలియదు.

ఆ గోడలకు శరీరం కూడా మూల్యం చెల్లిస్తుంది. తెలుగు ప్రాంతపు వైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే మందు ప్రభావం త్వరగా తగ్గదు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్లలో లోపించడమే కారణం. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన సమూహం తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో ఈ లోపం అక్కడ ఎక్కువగా కనిపిస్తుందని 2017లో వచ్చిన మరో అధ్యయనం వివరించింది. ఇది ఆ సమూహం తప్పు కాదు. ఇలాంటి ముప్పు దేశంలో అనేక సమూహాలకు ఉంది. కులం జీవశాస్త్రం నుంచి పుట్టలేదు, కానీ జీవశాస్త్రం మీద దాని ముద్ర పడింది.

జీవావరణ పాఠంలోనూ జాగ్రత్త అవసరం. ఆహార పిరమిడ్ బొమ్మ చూసి ‘పైనున్నది గొప్పది’ అనుకునే ప్రమాదం ఉంది. ఆ పిరమిడ్ కొలిచేది శక్తిని, హోదాను కాదు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేది సుమారు పది శాతం శక్తి మాత్రమే. కింద మొక్కలు లేకపోతే పైన పులి లేదు. చచ్చినదాన్ని మట్టిలో కలిపే సూక్ష్మజీవులు లేకపోతే మొక్కలూ లేవు. అయితే ప్రకృతిలో ఎవరి పాత్ర వారిదని చెప్పి, మనుషుల్లో పాకీపనిని ఒక కులానికి కట్టబెట్టడాన్ని సమర్థిస్తే ఒప్పుకోకూడదు. సూక్ష్మజీవి చేసేది దాని జీవక్రియ. మనిషి చేత చేయించేది సమాజం పెట్టిన నిర్బంధం.

పుస్తకంలోంచి తీసేసినంత మాత్రాన పాఠం చెప్పకూడదని ఏ చట్టమూ లేదు. సంక్షేమ హాస్టళ్లలో, వాడల్లోని స్టడీ సెంటర్లలో, విద్యార్థి సంఘాల తరగతుల్లో రెండు గంటలు కేటాయిస్తే చాలు. పాత పాఠం, 2013 అధ్యయనం, అంబేడ్కర్ 1916 పత్రం, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చర్చించవచ్చు. ఆ పాఠాన్ని పదో తరగతిలో తిరిగి చేర్చాలన్న డిమాండ్ మన సంఘాల పత్రాల్లోకీ ఎక్కాలి. ‘నీ పుట్టుకే తక్కువ’ అన్న మాట వింటూ పెరుగుతున్న పిల్లలకు దాని మీద సైన్స్ ఏమంటుందో తెలుసుకునే హక్కుంది.